మాగితే గట్టిపడే లోహం

ఈ శీర్షికలో ఇంతవరకు రక్తపోటు, మధుమేహం, పిల్లల టీకాలు, ఈ దేశపు చలికాలంలో మనవాళ్ళకు తక్కువపడే డి విటమిను, ఇలాంటివే రాస్తూ వచ్చాము. పోయిన నెల సమావేశంలో భోజనాల దగ్గర ఒక ఇంజనీరు మిత్రులు మమ్మల్ని పట్టుకుని, "డాక్టరుగారూ, మనుషుల వయసు గురించి ఎన్నాళ్ళు రాస్తారండీ? లోహాలకూ వయసు వస్తుంది. మీ రోగులకు వయసొస్తే బలం తగ్గుతుంది, మా అల్యూమినియానికి పెరుగుతుంది. దాన్ని గురించి రాయండి చూద్దాం" అన్నారు. ఆయన సరదాకే అన్నా, ఆ మాటతో మాకు ఒక పాత రోగి గుర్తుకు వచ్చాడు. ఆయన విరిగిన ఎముకకూ ఈ లోహపు వయసుకూ సంబంధం ఉంది. అందుకని ఈ నెల మా వైద్యాన్ని కాస్త పక్కనపెట్టి లోహం సంగతి మనవి చేస్తాము. ఆ రోగి సంగతి దాని చోట అది వస్తుంది.

అల్యూమినియం అంటే మనకు కొత్త కాదు. మన అమ్మమ్మల వంటింట్లో సత్తు గిన్నెలు ఉండేవి. తేలిక, చవక, కానీ కింద పడితే సొట్ట. అంచు పట్టుకుని గట్టిగా నొక్కితే వంగేది. శుద్ధమైన అల్యూమినియం స్వభావమే అంత. మరి అదే లోహం విమానం రెక్కగా మారి, వందలమంది బరువును ముప్ఫైవేల అడుగుల ఎత్తున ఎలా మోస్తోంది? ఈమధ్య వచ్చిన కొన్ని పెద్ద విమానాల్లో కార్బన్ నారతో చేసిన ఒడలు వచ్చింది గాని, ఆకాశంలో తిరిగే వాటిలో ఎక్కువభాగం ఇప్పటికీ అల్యూమినియం ఒంటివే.

ఆ మార్పు ఎప్పుడు వచ్చిందో చూడటానికి మనం దూరం పోనక్కర్లేదు. 1919 జూన్ 15న ఆల్కాక్, బ్రౌన్ అనే ఇద్దరు న్యూఫౌండ్‌లాండు నుంచి ఎక్కడా ఆగకుండా అట్లాంటిక్ దాటి, మన గాల్వే కౌంటీలో క్లిఫ్డెన్ దగ్గరి బురదనేలలో దిగారు. వారి వికర్స్ విమీ విమానం చట్రం చాలావరకు కర్రది, దానిమీద కప్పింది గుడ్డ. తొమ్మిదేళ్ళు గడిచాయి. 1928 ఏప్రిల్ 12 తెల్లవారుజామున డబ్లిన్ పక్కనున్న బాల్డొనెల్ మైదానం నుంచి 'బ్రెమెన్' అనే విమానం ఎదురు దిక్కుకు లేచింది. అందులో హెర్మన్ క్యోల్, బారన్ ఫాన్ హ్యూనెఫెల్డ్ అనే ఇద్దరు జర్మన్లు, ఐరిష్ వైమానిక దళానికి చెందిన కమాండెంట్ జేమ్స్ ఫిట్జ్‌మారిస్ ఉన్నారు. ఎదురుగాలికి ఓర్చుకుంటూ సుమారు 36 గంటలు ఎగిరి, మర్నాడు కెనడా తీరాన గ్రీన్లీ దీవి మీద దిగారు. తూర్పు నుంచి పడమరకు ఆగకుండా అట్లాంటిక్ దాటిన మొదటి విమానం అదే. అది యుంకర్స్ కంపెనీవారి డబ్ల్యు 33 రకం. దాని ఒళ్ళంతా ముడతల రేకు. ఆ రేకు పేరు డ్యురాలుమిన్.

డ్యురాలుమిన్ అంటే నూటికి దాదాపు 4 పాళ్ళు రాగి, అర పాలు మెగ్నీషియం, అర పాలు మాంగనీసు, తక్కినదంతా అల్యూమినియం. ఇంత కొంచెం రాగి కలిపినందుకు సత్తు గిన్నె లోహం నాలుగైదు రెట్లు బలపడి, మామూలు ఉక్కుతో సమానంగా నిలుస్తుంది. బరువు మాత్రం ఉక్కులో మూడో వంతు. చిత్రం ఏమిటంటే, రాగి కలిపినంత మాత్రాన ఆ బలం రాదు. కలిపి, కాల్చి, ముంచి, ఆ తర్వాత ఊరికే ఉంచాలి. ఆ ఊరికే ఉంచడంలోనే కిటుకంతా ఉంది.

దాన్ని కనిపెట్టినవాడు ఆల్ఫ్రెడ్ విల్మ్ అనే జర్మన్ లోహశాస్త్రజ్ఞుడు. బెర్లిన్ పక్కన నాయబాబెల్స్‌బెర్గ్‌లోని పరిశోధనశాలలో పనిచేసేవాడు. తుపాకి తూటాల గొట్టాలకు ఇత్తడికి బదులు అల్యూమినియం పనికొస్తుందా అని చూడటం ఆయనకు అప్పగించిన పని. మన ఊళ్ళో కమ్మరి కొడవలిని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచి పదును పెట్టడం మనం చూసిందే గదా. ఉక్కుకు వచ్చే ఆ గట్టిదనం అల్యూమినియానికీ వస్తుందేమోనని విల్మ్ తన మిశ్రమాన్ని 500 డిగ్రీల పైచిలుకు వేడిచేసి నీళ్ళలో ముంచాడు. ఏమీ కాలేదు. మెత్తగానే ఉంది. 1906లో ఒక శనివారం ఇలాగే ముంచిన ముక్కను కొలిచి, మిగతా కొలతలు సోమవారం చూద్దామని వెళ్ళిపోయారట. సోమవారం వచ్చి చూస్తే అదే ముక్క బాగా గట్టిపడి ఉంది. కొలిచే యంత్రం చెడిపోయిందేమో అనుకున్నారు. యంత్రం బాగానే ఉంది, మారింది లోహమే. శనాదివారాలు ఎవరూ ముట్టుకోకుండా, గది వేడిలో బల్లమీద పడి ఉన్నందుకే దానికి బలం వచ్చింది!

ద్యూరెన్ అనే ఊళ్ళో ఒక కర్మాగారం విల్మ్ హక్కులు తీసుకుని ఆ ఊరి పేరు కలిసొచ్చేలా దానికి డ్యురాలుమిన్ అని పేరు పెట్టింది. జెప్పెలిన్ గాలినావల ఎముకలగూడు దానితో కట్టారు. తర్వాత విమానాలకు వచ్చింది. కానీ ఆ శనాదివారాల్లో లోహం లోపల ఏం జరిగిందో విల్మ్‌కు అంతుపట్టలేదు. సూక్ష్మదర్శినిలో పెడితే శనివారపు ముక్కా సోమవారపు ముక్కా ఒకేలా కనిపించాయి. తర్వాత ఆయన పరిశోధన వదిలి వ్యవసాయం చేసుకుంటూ 1937లో కన్నుమూశాడు. జవాబు కళ్ళకు కట్టినట్టు దొరికింది ఆ మరుసటి సంవత్సరం.

ఆ జవాబు అర్థం కావాలంటే వంటింట్లోకి రావాలి. చక్కెర పాకం పట్టేటప్పుడు, మరిగే నీళ్ళు గది వేడి నీళ్ళకంటే రెండింతలకు పైగా చక్కెరను కరిగించుకుంటాయి. ఆ చిక్కటి పాకాన్ని దించి కదపకుండా చల్లారిస్తే, ఇమడలేనంత చక్కెర లోపల ఉన్నా వెంటనే బయటపడదు. రేపో మాపో చూస్తే సీసా అడుగున పలుకులు కట్టి ఉంటుంది. కలకండ తయారయ్యేది అందుకే. మా వైద్యంలోనూ ఇదే సూత్రం ఉంది. ఒంట్లో నీళ్ళు తగ్గి మూత్రం చిక్కబడితే, అందులో ఇమడలేని లవణాలు పలుకులు కట్టి మూత్రపిండాల్లో రాళ్ళవుతాయి. నీళ్ళు బాగా తాగండి అని మేము పోరుపెట్టేది అందుకే.

అల్యూమినియంలో రాగిదీ ఇదే కథ. 548 డిగ్రీల దగ్గర అల్యూమినియం నూటికి 5.65 పాళ్ళ రాగిని తనలో కలుపుకోగలదు. గది వేడిలో పదో వంతు పాలు కూడా కలుపుకోలేదు. కరిగి నీరవకుండా గట్టిగా ఉండగానే ఈ కలుపుకోవడం జరుగుతుంది, పాకానికీ దీనికీ అదొక్కటే తేడా. బాగా వేడిచేసినప్పుడు రాగి అణువులు అల్యూమినియం వరసల్లో చెదురుమదురుగా సర్దుకుంటాయి. ఒక్కసారి నీళ్ళలో ముంచితే బయటికి పోయే వ్యవధి లేక చిక్కుపడిపోతాయి. పొంగిన పాకం సీసాలో చిక్కుకున్నట్టే. ఆ పైన, వేడి మీద వరసల్లో ఏర్పడిన ఖాళీ చోట్లు కూడా ముంచడంతో అలాగే ఉండిపోతాయి. రాగి అణువులు ఆ ఖాళీల ఆసరాతో మెల్లగా జరుగుతూ ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. గుంపులు కడతాయి. ఈ గుంపు కట్టడాన్నే ఇంగ్లీషులో లోహానికి వయసు రావడం అంటున్నారు. మన భాషలో మాగడం అనే మాట దీనికి బాగా సరిపోతుందని మాకు తోస్తోంది. మామిడికాయ మాగితే మెత్తబడుతుంది, ఈ లోహం మాగితే గట్టిపడుతుంది, అంతే తేడా. గది వేడిలో ఉంచితే నాలుగైదు రోజుల్లో మాగే రకాలున్నాయి. కాయల్ని గడ్డిలో వేసి మాగబెట్టినట్టు, 120 నుంచి 190 డిగ్రీల కొలిమిలో కొన్ని గంటలు పెట్టి మాగబెట్టే రకాలున్నాయి.

గుంపులు కడితే బలం ఎందుకు రావాలి? లోహం వంగడమంటే లోపలి అణువుల వరసలు ఒకదానిమీద ఒకటి జారడం. వరస మొత్తం ఒక్కసారిగా జారదు. ఉగాది కార్యక్రమానికి హాల్లో పెద్ద జంపఖానా పరిచి, అది జానెడు పక్కకు జరగాలంటే మన కుర్రాళ్ళు ఏం చేస్తారు? మొత్తాన్ని ఈడ్చలేరు. ఒక అంచున మడత లేపి, ఆ మడతను అవతలి అంచుదాకా తోసుకుపోతారు. జంపఖానా జానెడు జరుగుతుంది. లోహంలోనూ అలాంటి మడతలు పరుగెడతాయని 1934లో టేలర్, ఒరొవాన్, పొలాన్యి అనే ముగ్గురు ఎవరికి వారుగా చెప్పారు. వీరిలో టేలర్‌కు మన ఐర్లండుతో చుట్టరికం ఉంది. ఆయన తల్లి, కార్క్ క్వీన్స్ కాలేజీలో మొట్టమొదటి గణిత ఆచార్యుడైన జార్జ్ బూల్ కూతురు. కంప్యూటర్ల పనిలో ఉన్న మన సభ్యులు రోజూ తలుచుకునే ఆ బూలే.

ఇప్పుడు ఆ జంపఖానా కింద ఏదైనా ఉందనుకోండి. బియ్యపు పిండి చల్లినట్టు మరీ సన్నగా ఉంటే మడత దానిమీదుగా పోతుంది. అంతా ఒకచోట పెద్ద బండరాయిగా ఉంటే, మడత దానికి అటూ ఇటూ చుట్టుకుని దాటిపోతుంది. అదే సరుకు సెనగగింజలంత పలుకులుగా, హాలంతా దగ్గరదగ్గరగా పరుచుకుని ఉంటే మడత అడుగడుగునా తట్టుకుని ఆగిపోతుంది. లోహంలో బలమంటే ఈ ఆగిపోవడమే. మడత కదలకపోతే రేకు వంగదు. కనుక ఎంత రాగి ఉందన్నది ఒక్కటే లెక్క కాదు. ఆ రాగి ఎంతెంత గుంపులుగా, ఎంతెంత దూరంలో ఉందన్నదే అసలు లెక్క.

ఇలా సన్నని పలుకులు కడుతున్నాయని 1919లోనే అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థలో మెరికా, వాల్టెన్‌బర్గ్, స్కాట్ ఊహించి చెప్పారు. సూక్ష్మదర్శినికి ఆననంత చిన్నవి కాబట్టే కనిపించడం లేదన్నారు. 1938లో ఫ్రాన్సులో ఆంద్రే గినియే, ఇంగ్లండులో ప్రెస్టన్, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఎక్స్-రే కిరణాలతో వాటి జాడ పట్టుకున్నారు. మేము ఛాతీకి తీసే ఎక్స్-రే లాంటిది కాదు. స్ఫటికంలోంచి పోయిన కిరణాలు ఎలా చెదిరాయో చూసి లోపలి అమరికను లెక్కకట్టే పద్ధతి. ఇద్దరి వ్యాసాలూ ఆ ఏడే 'నేచర్' పత్రికలో వెలువడ్డాయి. తేలింది ఏమిటంటే, రాగి అణువులు ఒక్క అణువు మందాన చిన్న బిళ్ళలుగా పేరుకుంటున్నాయి. బిళ్ళ వెడల్పు పది నానోమీటర్లకు అటూ ఇటూ. మన తలవెంట్రుక అడ్డంగా అలాంటివి ఏడెనిమిది వేలు పడతాయి. ఇప్పటికీ వాటిని గినియే-ప్రెస్టన్ మండలాలు అంటారు. అవి అల్యూమినియం వరసల్లోనే ఇరుక్కుని ఉంటాయి గనుక చుట్టుపక్కల వరసలు వాటివైపు వంగి బిగుసుకుంటాయి. ఆ బిగువు కూడా మడతలకు అడ్డే.

దీనికి ఒక కొసరు ముచ్చట. రైట్ సోదరులు 1903లో ఎగిరించిన విమానం ఇంజను పెట్టెను రాగి సుమారు 8 పాళ్ళు కలిపిన అల్యూమినియంతో పోతపోయించారు. 1994లో అమెరికాలో దాన్ని పరీక్షించి చూస్తే అందులోనూ ఈ బిళ్ళలున్నాయి. విల్మ్ కనిపెట్టకముందే, రైట్ సోదరులకు తెలియకుండానే, ఆ లోహం తనంతట తాను మాగి వారిని మోసింది.

మాగిన పండును ఇంకా గడ్డిలోనే ఉంచితే ఏమవుతుంది? మిగలముగ్గుతుంది. లోహానికీ అంతే. వేడిలో ఇంకా ఉంచితే బిళ్ళలు మందపడి వేరే రూపానికి మారతాయి. పెద్ద చేప చిన్న చేపను మింగినట్టు పెద్ద పలుకులు చిన్నవాటిని కరిగించి తమలో కలుపుకుంటాయి. పలుకులు తక్కువై వాటి మధ్య దూరం పెరుగుతుంది. బండరాళ్ళ పక్కనుంచి మడతలు మళ్ళీ సులువుగా దాటిపోతాయి. లోహం మెత్తబడుతుంది. రాగి ఎక్కడికీ పోలేదు, తూచి చూస్తే అంతే ఉంది. బలం మాత్రం పోయింది.

ఈ భయంతోనే కాంకార్డ్ విమానానికి వేగం కట్టడి చేశారు. 1976 నుంచి 2003 దాకా ప్రయాణికులను మోసిన ఆ విమానం ధ్వనివేగానికి రెండింతలు పోయేది. గాలి ఒత్తిడికే దాని ముక్కు 127 డిగ్రీల దాకా వేడెక్కేది. అంతకు మించితే ఒళ్ళు మిగలముగ్గుతుంది. అందుకని వేడికి ఆలస్యంగా ముదిరే ఒక ప్రత్యేక మిశ్రమం ఎంచి, ఆ హద్దు దాటకుండా నడిపారు. ఇంకొకవైపు, మాగడాన్ని ఆపడానికి చలిని వాడినవాళ్ళూ ఉన్నారు. విమానాల రేకులు కలిపే రివెట్లను వేడిచేసి, నీళ్ళలో ముంచి, గట్టిపడకముందే కొట్టేయాలి. కొన్ని రకాలకు పదీ ఇరవై నిమిషాలే గడువు. అందుకని ముంచగానే వాటిని మంచుపెట్టెలో దాచి, కావలసినన్ని తీసుకుని కొట్టేవారు. కొట్టాక విమానం మీదే అవి మాగుతాయి. మేము టీకామందులు ఫ్రిజ్‌లో దాచినట్టే వాళ్ళు రివెట్లు దాచారన్నమాట.

ఇప్పుడు మా రోగి సంగతి. కొన్నేళ్ళ కిందట మేము ఈ దేశంలో ఒక ఆస్పత్రి అత్యవసర విభాగంలో పనిచేస్తుండగా, ఒక పల్లెటూరి పెద్దాయనను తీసుకొచ్చారు. వానకాలువ శుభ్రం చేద్దామని అల్యూమినియం నిచ్చెన ఎక్కాడు. రెండో అంతస్తు ఎత్తున నిచ్చెన విరిగింది. మడమ ఎముక నుజ్జయింది, వెన్నులో ఒక పూస నలిగింది. ఇంతెత్తునుంచి నిలువునా పడ్డవారికి ఈ రెండూ జంటగా రావడం మేము తరచు చూసేదే. ఆయనకు నొప్పికంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. ఆ నిచ్చెన పక్కకమ్మి పగిలితే తెలిసినాయన ఒకరు వెల్డింగు చేసిపెట్టారట. "వెల్డింగు మాత్రం చెక్కుచెదరలేదు డాక్టర్, దాని పక్కన బాగున్నచోటే విరిగింది" అని ఆయన పదేపదే అన్నాడు. మాకు అప్పట్లో అది వింతగానే తోచింది. ఆయన నడక మునుపటిలా కాలేదు. పొలం పని మానేశాడు.

మీరు ఇంతవరకు చదివారు గనుక ఆ వింత ఏమిటో ఈపాటికి పట్టేసి ఉంటారు. నిచ్చెనలు, సైకిలు చట్రాలు, చక్రాల కుర్చీలు, చంకకర్రలు, మంచాన పడి లేచినవారు పట్టుకు నడిచే చట్రాలు, ఇవి చాలావరకు మెగ్నీషియం, సిలికాన్ కలిపిన అల్యూమినియంతో చేస్తారు. అందులో పలుకులు కట్టేది రాగికి బదులు ఆ రెండూను. కర్మాగారంలో సుమారు 160, 180 డిగ్రీల మధ్య కొన్ని గంటలు మాగబెట్టి, బలం నిండుగా ఉన్న ఘడియలో దించుతారు. 6061 అనే రకం తీసుకుంటే, మాగినది ఎంత బలానికి వంగుతుందో, పూర్తిగా కాల్చి మెత్తబెట్టినది అందులో ఐదో వంతుకే వంగిపోతుంది. కలిపిన సరుకు రెండింటిలోనూ ఒకటే.

అలాంటి కమ్మికి వెల్డింగు చేస్తే అతికినచోట లోహం కరిగి మళ్ళీ గడ్డకడుతుంది. దానికి రెండు పక్కలా ఒకటి రెండు అంగుళాల మేర కరగదు గాని, మిగలముగ్గేంత వేడి తగులుతుంది. అక్కడి పలుకులు కొన్ని కరిగిపోతాయి, కొన్ని బండలవుతాయి. ఆ భాగం బలం సగం దాకా పడిపోతుంది. పైకి మాత్రం మచ్చ ఉండదు, రంగు మారదు, తట్టి చూస్తే తేడా తెలియదు. వెల్డింగు చేసినాయన పనిలో నేర్పు తక్కువై కాదు. ఎంత నేర్పుగా అతికినా ఆ వేడి తప్పదు. విల్మ్ సూక్ష్మదర్శినిలోనే కనిపించని తేడా ఆ పెద్దాయన కళ్ళకు ఎలా కనిపిస్తుంది?

మరి సైకిలు చట్రాలన్నీ వెల్డింగు చేసినవేగదా అని మీరు అడగవచ్చు. నిజమే. కానీ మంచి కర్మాగారాల్లో 6061 చట్రాన్ని అతికిన తర్వాత మొత్తం మళ్ళీ వేడిచేసి, ముంచి, మళ్ళీ మాగబెడతారు. పోయిన బలం తిరిగి వస్తుంది. కొందరు బలం తగ్గుతుందని ముందే లెక్కవేసి అక్కడ గొట్టం మందంగా పెడతారు. ఇంటి వెనక షెడ్డులో అతికేవారికి అంత పెద్ద కొలిమి ఎక్కడుంటుంది?

ఇది చదివి వంటింటి వైపు అనుమానంగా చూడకండి. మనం ఊరినుంచి మోసుకొచ్చిన అల్యూమినియం ప్రెషర్ కుక్కర్లు, గిన్నెలు సాధారణంగా ఈ మాగే జాతివి కావు. వాటి బలం రేకు మందంలోంచి, సాగగొట్టడంలోంచి వచ్చింది. పొయ్యిమీద పెట్టినందుకు మిగలముగ్గేదేమీ లేదు. కుక్కర్లమీద కనిపించే నల్లటి గట్టి పూత కూడా వేరే సంగతి, అది పైపొరకు చేసిన పని. కుక్కరు విషయంలో చూడవలసింది సేఫ్టీ వాల్వు, రబ్బరు రింగు.

చూడవలసినవి వేరే ఉన్నాయి. మీ అల్యూమినియం నిచ్చెన వంగినా, చిట్లినా అతికించకండి, పారేయండి. వంగిన చోట దీపం మంటతో కాల్చి సరిచేయడం అసలే వద్దు. సెకండ్‌హాండ్ నిచ్చెన కొనేటప్పుడు పక్కకమ్ములమీద తర్వాత చేసిన అతుకులున్నాయేమో వేలితో తడిమి చూడండి. షెడ్డులో మంట అంటుకుని ఆరిపోతే, ఆ వేడికి గురైన నిచ్చెన మసి తుడిస్తే కొత్తదానిలా మెరుస్తుంది, దాన్ని నమ్మకండి. పిల్లల్ని కూర్చోబెట్టుకునే సైకిలు చట్రం చిట్లితే అతికేవారిని వెతక్కండి. అమ్మానాన్నలను మన దగ్గరికి పిలిపించుకున్నప్పుడు వారికోసం తెచ్చే నడక చట్రం, చంకకర్ర ఎవరైనా మరమ్మతు చేసిచ్చినవైతే మర్యాదగా వెనక్కి ఇచ్చేయండి. కొత్తదాని ఖరీదు ఎంతైనా తుంటి ఎముక ఖరీదుకు సాటిరాదు. డెబ్బై దాటినవారికి తుంటి విరగడం ఎంత పని చేస్తుందో మేము రోజూ చూస్తున్నాము.

పిల్లలకు ఈ కథ చూపించాలనుకునేవారికి లిమెరిక్ వైపు ఒక ఆదివారం ప్రయాణం సిఫారసు చేస్తాము. షానన్ నది ఒడ్డున ఫోయిన్స్ అనే ఊళ్ళో 1937 నుంచి 1945 దాకా నీటిమీద వాలే విమానాలు అట్లాంటిక్ దాటి వచ్చిపోయేవి. అక్కడి మ్యూజియంలో బోయింగ్ 314 విమానానికి నిలువెత్తు నమూనా ఉంది, లోపలికి ఎక్కి చూడవచ్చు. అసలు విమానం ఒళ్ళంతా మాగబెట్టిన అల్యూమినియమే. అక్కడికి దగ్గర్లోనే ఆఖినిష్ దీవిలో 1983లో పని మొదలుపెట్టిన పెద్ద కర్మాగారం కనిపిస్తుంది. ఓడల్లో వచ్చిన ఎర్రటి బాక్సైటు అక్కడ తెల్లటి అల్యూమినా పొడిగా మారి మళ్ళీ ఓడెక్కుతుంది. దాన్నుంచి లోహం తీసేది వేరే దేశాల్లో. మన హైదరాబాదు పిల్లలకైతే ఇంకో మాట కూడా చెప్పండి. కంచన్‌బాగ్‌లోని రక్షణశాఖ లోహ పరిశోధనశాలలో, అల్యూమినియానికి లిథియం కలిపి ఇంకా తేలికైన మాగే మిశ్రమాల మీద ఏళ్ళ తరబడి కృషి జరిగింది. నగరం పక్కనే ఆదిభట్లలో 2018 నుంచి అపాచీ హెలికాప్టర్ల ఒడళ్ళు తయారవుతున్నాయి.

ఈ నెల ఇంటికి ఒక్క పని. ఆకులు రాలేకాలం వచ్చేలోగా, వానకాలువల కోసం నిచ్చెన ఎక్కకముందే, దాన్ని వెలుతురులోకి తెచ్చి పై మెట్టునుంచి కింది మెట్టుదాకా ఒకసారి పరీక్షగా చూడండి. అతుకు కనిపిస్తే మాకు చెప్పనక్కర్లేదు, ఎక్కకపోతే చాలు. వచ్చే నెల మళ్ళీ మా దారికి వచ్చి, రంజాన్, ఏకాదశి ఉపవాసాల్లో మధుమేహం మందులు ఎలా సర్దుకోవాలో రాస్తాము. ప్రశ్నలుంటే సమావేశంలో అడగండి.

సెలవు.